చల్లగుట్ట గుహకు ఏడు అద్దాలతో

జనగామ స్టేషన్ రోడ్డులో నా ఫోటో స్టూడియో ఉన్న రోజుల్లో గోడకు ఒక క్యాలెండర్ వేలాడుతుండేది. ఒక బట్టల దుకాణం వాళ్లు పంచింది. పన్నెండు నెలలకూ కలిపి ఒకటే బొమ్మ: ఎక్కడో హిమాలయాల్లో ఒక మంచుగుహ, నీలంగా మెరిసే గోడలు, లోపల శాలువా కప్పుకుని నిలబడ్డ ఒక మనిషి. సంవత్సరం దాటిపోయినా దాన్ని తీసేయబుద్ధి కాలేదు. పైన రేకుల కప్పు, లోపల రెండు పెద్ద లైట్లు, ఆపైన ఎండాకాలం. ఫోటో దిగడానికి వచ్చినవాళ్లు స్టూలు మీద కూర్చుని, కెమెరా వైపు చూడమంటే క్యాలెండర్ వైపు చూసేవాళ్లు. నేనూ అంతే. బతికుండగా ఒక్కసారైనా అలాంటి గుహలో నిలబడి ఒక మంచి బొమ్మ తీయాలని నాకు పెద్ద కోరిక. హిమాలయాల దాకా పోయే తాహతు లేదు. ఆ కోరిక మన వరంగల్ జిల్లాలోనే, భూపాలపల్లి దారిలోని గుట్టల్లో తీరుతుందని ఎవరైనా చెబితే నవ్వేవాణ్ణి. తీరింది. అటువైపు పోదామనుకునేవాళ్లకు పనికొస్తుందని దారి, బస్సులు, అప్పటి ఖర్చులు గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

ఫోటోల పిచ్చి నాకు అరవై తొమ్మిదిలో పట్టుకుంది. తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడి మా అందరికీ ఒక సంవత్సరం పోయింది. ఇంట్లో కూర్చుంటే నాయిన పొలం పనికి తోలుతాడని భయపడి హన్మకొండలో ఒక స్టూడియోలో చీకటిగది పనికి కుదిరాను. కాలేజీలు మళ్లీ తెరిచారు కానీ నేను చీకటిగదిలోంచి బయటికి రాలేదు. డెబ్బై ఎనిమిది నాటికి జనగామలో సొంత దుకాణం, పైనుంచి తొంగి చూసే రెండు కళ్ల కెమెరా, ఒకరి మాట వినని పొగరు, మూడూ ఉన్నాయి. పక్క దుకాణం యూసుఫ్ భాయ్‌ది. పొద్దున ప్యాసింజర్‌లో వరంగల్ నుంచి అయిసు దిమ్మలు తెప్పించి, పెద్ద చెక్కపెట్టెలో ఊక పోసి పూడ్చి, పైన తడి గోనెలు కప్పి, సాయంత్రం దాకా అమ్మేవాడు. అయిసు గురించి తనకు తెలియనిది లేదని ఆయన గట్టి నమ్మకం. నా క్యాలెండర్‌ను చూసినప్పుడల్లా, "ఊక లేకుంట అయిసు నిలవది భాయ్. గిది ఝూటా ఫోటో," అనేవాడు.

ఏప్రిల్ చివర్లో మల్లయ్య అనే మనిషి స్టూడియోకు వచ్చాడు. పాలకుర్తిలో చుట్టాల పెళ్లి చూసుకుని ఊరికి పోతూ, సంఘం కాగితానికి కావాలని ఫోటో దిగడానికి ఆగాడు. అడవిలో మద్దిచెట్ల మీద దసలి పట్టుపురుగులు పెంచేవాడు. ఆయన కూడా క్యాలెండరే చూశాడు, కానీ నిట్టూర్చలేదు.

"గిసొంటిది మా దిక్కు గుడ ఉన్నది ఫోటో సార్. మంచు ఉండది గని, ఎండకాలం పోయినా దుప్పటి లేకుంట కూసోలేవు. సల్లగుట్ట అంటం. మా విత్తనం కాయలు గా గుహలనే దాస్తం," అన్నాడు.

నాకు అర్థం కాలేదని గ్రహించి నింపాదిగా చెప్పాడు. విత్తనానికి పెట్టిన దసలి కాయ, అంటే పట్టుగూడు, ఎండాకాలమంతా నిద్రపోవాలి. మృగశిర కార్తెలో తొలకరి పడి, మద్దిచెట్టు లేత ఆకు వేసే వేళకు కాయలోంచి రెక్కలపురుగు బయటికి వచ్చి, జతకట్టి గుడ్లు పెడుతుంది. ఎండ సెగ తగిలితే ముందే లేస్తుంది. అప్పుడు గుడ్లు పెట్టినా పిల్లపురుగులు తినడానికి ఆకు ఉండదు, ఆ ఏడు పంట ఉండదు. వాళ్ల గూడెంలో పదకొండు ఇళ్లు. పదకొండు ఇళ్ల విత్తనమూ ఆ ఒక్క గుహలోనే.

ఫోటో అయ్యాక నేరుగా పోకుండా యూసుఫ్ భాయ్ పెట్టె దగ్గర నిలబడ్డాడు. "భాయ్, గా ఊక ఎందుకు కప్పినవ్? గాలి తగలనిస్తె ఇంక సల్లగ ఉండదా?" అని అడిగాడు.

"గాలి తగిలిందా, గంటల నీళ్లే. సల్లదనం మూసిపెడితెనే ఉంటది. మూత జర తెరిసి పెట్టినా పాయె," అన్నాడు యూసుఫ్ భాయ్, తన విద్య గురించి అడిగిన మనిషి దొరికాడన్న సంతోషంతో.

మల్లయ్య ముఖం వాడిపోయింది. నేను అది చూశాను, ఎండకు తాళలేకపోతున్నాడేమో అనుకున్నాను. మే రెండో వారంలో రమ్మని, రేగొండ దాటాక ఎక్కడ దిగాలో చెప్పి, "భాయ్‌ని తప్పక తోల్కరా సార్," అని రెండుసార్లు అన్నాడు. ఫోటో తీసే నన్ను ఒకసారి, అయిసు అమ్మే ఆయన్ను రెండుసార్లు పిలవడం నాకు కొంచెం చిన్నతనంగానే అనిపించింది.

చెప్పిన వారంలోనే బయలుదేరాం. మా ఆవిడది దంతాలపల్లి, ఎండలో తిరిగే మనుషుల ఇల్లు. జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డలు, చింతపండు తొక్కు మూటకట్టి, వడదెబ్బ తగలకుండా నా తలకు కొబ్బరినూనె కారేటట్టు పట్టించి పంపింది. జనగామలో తెల్లవారుజామున ఐదు దాటాక ప్యాసింజర్ ఎక్కితే ఏడు లోపల కాజీపేట. టికెట్టు అప్పట్లో రెండు రూపాయల లోపే. కాజీపేట నుంచి సిటీ బస్సులో హన్మకొండ బస్టాండు, అక్కడ ఇడ్లీ, చాయ్. నేను బస్సు వివరాలు కనుక్కునేలోగా యూసుఫ్ భాయ్ ఎటో మాయమై, ఊకలో చుట్టిన అయిసు దిమ్మను గోనెసంచిలో వేసుకుని భుజాన మోస్తూ వచ్చాడు. చుట్టం ఇంటికి వట్టి చేతులతో పోగూడదట. చల్లగుట్ట అనే చోటికి అయిసు మోసుకుపోతున్నావని ఎంత చెప్పినా వినలేదు.

ఎనిమిది గంటల బస్సు పరకాల మీదుగా భూపాలపల్లి పోయేది. అప్పటికింకా భూపాలపల్లిలో గనులు లేవు, కాబట్టి బస్సులూ తక్కువే. పొద్దుటి బస్సు పోతే మళ్లీ మధ్యాహ్నం దాకా కూర్చోవాలి. సంచిలోంచి నీళ్లు కారి సీట్ల కింద కాలువ కట్టేసరికి కండక్టర్ వచ్చాడు.

"ఏందిది?"

"అయిసు," అన్నాడు యూసుఫ్ భాయ్.

"ఎక్కడికి?"

"సల్లగుట్టకు."

కండక్టర్ మా ఇద్దరినీ కాసేపు చూసి, "సల్లగుట్టకు అయిసా? లగేజీ టికెట్ కొట్టాల్నా, పిచ్చి టికెట్ కొట్టాల్నా?" అన్నాడు. చివరికి ఏదీ కొట్టలేదు, ఒక ముక్క విరిచి ఇస్తే బుగ్గన పెట్టుకుని పోయాడు. పరకాలలో పావుగంట ఆగింది. మొగుళ్లపల్లి పోయేవాళ్లు అక్కడ దిగిపోయారు, సీట్లు ఖాళీ అయ్యాయి. రేగొండ దాటాక, పదింబావుకు, రోడ్డు పక్కన తుమ్మచెట్టు కింద నిలబడి చేయి ఊపుతున్న మల్లయ్య కనిపించాడు. అక్కడి నుంచి రెండు కోసుల నడక. ఇప్పుడు ఆటోలు పోతున్నాయి, కానీ పొద్దున్నే అయితే నడవమనే చెబుతాను. మోదుగులు, ఇప్పచెట్లు, ఎర్రటి బండలు, మధ్యలో ఒక ఎండిన వాగు. మేము నడిచిన వేళకు మాత్రం అడుగు తీసి అడుగు వేయడమే పరేషాన్.

గూడెం చేరేసరికి అయిసు దిమ్మ కొబ్బరికాయంత అయింది. మల్లయ్య వాళ్ల అమ్మ లచ్చవ్వకు అరవై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, తల నెరిసినా నడుం వంగలేదు. గుహ తాళంచెవి ఆమె చేతిలోనే ఉంటుందని మల్లయ్య దారిలోనే చెప్పాడు. అంటే నిజంగా తాళం ఏమీ లేదు, ఆమె సరేననకుండా ఎవరూ లోపలికి పోరు. యూసుఫ్ భాయ్ ఊక దులిపి అయిసు చేతిలో పెడితే రెండు చేతులు మార్చి పట్టుకుంది.

"కొరుకుతున్నది కదనె," అంది. ఆ తర్వాత దాన్ని రాగి బిందెలో వేసి, నీళ్లు పోసి, పదకొండు ఇళ్లకూ చెంబెడు చొప్పున పంపింది. కొత్తది ఏది వచ్చినా అందరికీ పంచనిదే ఆ గూడెంలో నోట పెట్టరట. యూసుఫ్ భాయ్ ముఖం చూడాలి అప్పుడు. పదేళ్లుగా అయిసు అమ్ముతున్నాడు, ఎవరూ దానికి అంత మర్యాద చేసి ఉండరు.

జొన్నరొట్టెలు తిన్నాక బయలుదేరబోతే లచ్చవ్వ నా దగ్గరకు వచ్చి గాలి పీల్చింది. "నెత్తికి నూనె పెట్టినవా బిడ్డా?" అని అడిగింది. పెట్టానన్నాను. నూనె వాసన, సెంటు వాసన, బీడీ, దీపం, ఏదీ కాయల దగ్గరకు పోకూడదు. ఇద్దరు ముగ్గురి కంటే ఎక్కువ మంది కూడా పోకూడదు, మనిషి ఒంటి వేడి పడదు. నన్ను కూర్చోబెట్టి కుంకుడుకాయ రసంతో తలంటారు. వేసవిలో బిందెడు నీళ్ల కోసం అరకోసు పోయేవాళ్లు నా జుట్టుకు రెండు బిందెలు పోశారు. ముప్పై ఏళ్ల మనిషిని, గూడెం అంతా చూస్తుండగా తల వంచి కూర్చోవలసి వచ్చింది. యూసుఫ్ భాయ్‌ది బట్టతల కావడంతో బతికిపోయాడు, పైగా నవ్వుతూ నిలబడ్డాడు.

గుట్ట ఎక్కడం అరగంట పని. గుహ నోరు నడుమెత్తున ఉంటుంది, వంగి దూరాలి. యూసుఫ్ భాయ్ బయట ఆగాడు. లచ్చవ్వ, మల్లయ్యల వెంట నేను దూరగానే కాళ్ల మీదికి గాలి తగిలింది. బయట బండ మీద చేయి పెడితే కాలుతోంది, లోపల రెండు అడుగులు వేయగానే ఒళ్లు జలదరించింది. గది నా స్టూడియోకు రెండింతలు ఉంటుంది. చీకటికి కళ్లు అలవాటు పడ్డాక కప్పు నుంచి దండలు దండలుగా వేలాడుతున్న కాయలు కనిపించాయి, కోడిగుడ్డంతవి, బూడిద రంగువి. గోడ మీద ఒకచోట నీటిచుక్క జారుతోంది. ఇదే నా మంచుగుహ అనుకున్నాను.

"ఎంత సల్లగ ఉన్నదవ్వా," అన్నాను.

"గిదా సల్లదనం? మునుపు సలికి పండ్లు కొట్టుకునేటియి," అంది లచ్చవ్వ. ఆమె గొంతులో చిరాకు లేదు, దిగులు ఉంది. "నెల సంది గాలి ఎక్కువైంది, సల్ల తక్కువైంది. ఇప్పటికే ఇరవై కాయలు పలిగినయి. వానకు ఇంక నెల ఉన్నది. గిట్లనే అయితె ఒక్కటి మిగలది."

నేను సంచి తెరిచి ఫ్లాష్ పళ్లెం, బల్బులు తీశాను.

"గా బుడ్డి ఏంది?"

"ఫ్లాష్ బల్బు అవ్వా. ఒక్క రెప్పపాటు వెలుగుతది, గంతే."

"వెలిగినంక చేత పట్టుకోవచ్చునా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "లేదు, కాలుతది."

"కాలితె నిప్పే," అంది. బల్బులు సంచిలోకి పోయాయి.

ఇంత దూరం వచ్చి, తలంటించుకుని, చీకటిని చూసి పోవాలా? హన్మకొండలో నాకు పని నేర్పిన ముసలాయన కరెంటు పోయినప్పుడు కిటికీ దగ్గర అద్దం పెట్టి, ఎండను తెల్లగోడ మీద కొట్టించి, ఆ వెలుగులో ఫోటోలు తీసేవాడు. అది గుర్తొచ్చింది. గూడెంలో ఎన్ని అద్దాలు ఉంటాయని అడిగాను. మల్లయ్య దిగిపోయి, ఇల్లిల్లూ తిరిగి ఏడు తెచ్చాడు. ఒకటి పగిలింది, ఒకటి అరచేయంత. ఒక నులకమంచం కూడా పైకి మోయించి, దాన్ని నిలువుగా లేపి, అద్దాలన్నీ నులకకు కట్టాం. యూసుఫ్ భాయ్ మంచాన్ని సూర్యుడి వైపు తిప్పి పట్టుకున్నాడు. గుహ నోటి దగ్గర మల్లయ్య తెల్లపంచె పరిచి పట్టాడు. ఏడు అద్దాల ఎండ పంచె మీద పడి, మెత్తబడి లోపలికి వచ్చింది.

"సూర్యుడు నిప్పు కాదా బిడ్డా?" అంది లచ్చవ్వ.

"పంచె మీద పడి సల్లారినంకనే లోపటికి వస్తున్నడు అవ్వా."

ఆమె వెలుగులో చేయి పెట్టి చూసింది, వెనక, ముందు. "కాయల మీద పడనియ్యకు. నేను సాలన్నంక సాలు," అంది. ఫిల్ము రోలులో పన్నెండు బొమ్మలు, ఎండ ఇంకా రెండు గంటలు. కెమెరాను బండ మీద కుదురుగా పెట్టి, కన్ను బాగా చిన్నది చేసి, ముప్పై అంకెలు లెక్కపెట్టే దాకా తెరిచి ఉంచాలి. పైనుంచి అద్దంలోకి తొంగి చూస్తే గుహ అంతా చిన్న చదరంలో ఒదిగింది. అంత అందమైన దృశ్యం నా కెమెరాలోకి అంతకుముందు రాలేదు.

మొదటి బొమ్మకే ఒకటి గమనించాను. వెలుగు దారిలో ధూళి కనిపిస్తోంది. మామూలుగా అయితే కదలకుండా తేలాలి. ఇది వెనక కప్పు మూల నుంచి ఏటవాలుగా, వడివడిగా, నోటి వైపు పరుగెడుతోంది. గాలి పైనుంచి తోసుకొస్తోందన్నమాట. నిజం చెప్పాలంటే అప్పుడే నోరు తెరవలేదు. చెబితే ఎవరో ఒకరు వెతకడానికి లేస్తారు, ఎండ పోతుంది, నా బొమ్మలు పోతాయి. ఇంకో మూడు తీశాను. లచ్చవ్వ రాయి మీద కూర్చుని, ఆ పూట లేచిన ఒక రెక్కలపురుగును అరచేతిలో పెట్టుకుని చూస్తోంది. దానికి జత లేదు, బయట ఆకు లేదు. నాలుగో బొమ్మ లెక్క ఇరవై దగ్గరకు వచ్చేసరికి సిగ్గేసింది. కెమెరా మూసి బయటికి వచ్చి యూసుఫ్ భాయ్‌తో చెప్పాను.

ఆయన మంచం పక్కకు పెట్టి లోపలికి వచ్చాడు. అరచేయి తడి చేసుకుని, ధూళి వస్తున్న మూలకు ఎత్తి పట్టుకున్నాడు. "ఉడుకు గాలి వస్తున్నది. పైన మూత తెరిసి ఉన్నది అవ్వా. నా పెట్టె మూత జర లేస్తె గిట్లనే అయితది," అన్నాడు.

మేము ముగ్గురం గుట్ట పైకి ఎక్కాం. వెతకాల్సిన పని లేకపోయింది. మల్లయ్య ముందు నడుస్తూ ఎక్కడా తడబడకుండా ఒక పొద దగ్గరకు తీసుకుపోయాడు. కొమ్మలు తొలగిస్తే మనిషి దూరేటంత కంత. పక్కనే పెళ్లగించిన రాళ్లు, గడ్డపార గుర్తులు.

"నేనే తీసిన," అన్నాడు మల్లయ్య, రాళ్ల వైపు చూస్తూ. "వేలు పట్టేటంత సందు ఉండె. నీటిసుక్క తగ్గిందని అవ్వ పరేషాన్ అయితుంటె, ఇంక గాలి తగిలితె సల్లగయితదని పెద్దగ చేసిన. ఇసనకర్రతోని ఇసురుకుంటె మనకు సల్లగ ఉండదా? గట్లనే అనుకున్న. జనగామల నువ్వు ఊక ముచ్చట చెప్పినప్పుడు తెలిసింది భాయ్, ఏం చేసిన్నో. వచ్చి మూద్దమంటె ఎంత మూయాల్నో తెల్వకపాయె. అవ్వకు చెప్పే ధైర్యం లేకపాయె."

యూసుఫ్ భాయ్‌ను రెండుసార్లు ఎందుకు పిలిచాడో అప్పుడు అర్థమైంది. నా గుహ, నా కెమెరా, అన్నీ దానికి తోడు వచ్చినవే. కోపం రాలేదు. ఆ మనిషి రెండు వారాలు దాన్ని మోసుకు తిరిగాడు కదా అనిపించి బాధేసింది.

"ముందు ఎంత ఉండెనో గంతే ఉంచాలె," అన్నాడు యూసుఫ్ భాయ్. "మొత్తం మూస్తె కాయకు ఊపిరి ఉండది." అయిసు వెంట వచ్చిన ఊక సంచి, గూడెం నుంచి ఇంకో రెండు ఊక సంచులు, వాటి సందుల్లో కుక్కడానికి నా రోలు మార్చే నల్లగుడ్డ, పైన రాళ్లు, రాళ్ల మీద మట్టి. ఒక పక్క వేలు పట్టేటంత సందు వదిలి కంత మూశాం. గంటన్నర పట్టింది. ఎండ పడమటికి జారిపోతుంటే ఒకటి రెండుసార్లు దిగులుగా చూశాను, అంతే.

కిందికి వచ్చేసరికి లచ్చవ్వ గుహ నోట్లోనే కూర్చుని ఉంది. "గాలి ఆగింది," అంది. మల్లయ్య ఆమె ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె కొడుకు చేతుల మీది మట్టిని చూసింది.

"గుట్టకు ఇసనకర్ర ఇసిరినవా కొడుకా? నాకెందుకు చెప్పలె?"

"భయమైంది అవ్వా."

"విత్తనం పోతదని నెల సంది నాకు నిద్ర లేదు. నువ్వు గుడ చెప్తె ఇద్దరికి కలిసి ఒక్కటే భయం అయ్యేది," అంది. తర్వాత నా వైపు తిరిగి, "ఇంక ఎండ ఉన్నది కదా బిడ్డా, ఇంకొకటి తీసుకో," అంది.

ఒకటే తీయగలిగాను. యూసుఫ్ భాయ్ మంచాన్ని ఎంత వంచినా ఎండ పలచబడింది, అరవై అంకెలు లెక్కపెట్టవలసి వచ్చింది. పన్నెండులో ఐదే వాడి, మిగతా రోలు అలాగే ఉంచుకుని, ఆ రాత్రి గూడెంలో పడుకుని, పొద్దుటి బస్సుకు తిరిగి వచ్చేశాం. ఆ అరవై అంకెలు లెక్కపెడుతుండగా లచ్చవ్వ కొడుకు భుజం మీది మట్టి దులపడం చూశాను.

తొలకరి పడిన పదిహేను రోజులకు మల్లయ్య జనగామ వచ్చాడు. మూసిన తర్వాత వారం దాకా ఇంకో తొమ్మిది కాయలు పగిలాయట, ఆ తర్వాత ఆగిపోయాయి. వాన పడిన నాలుగో రోజు నుంచి మిగతావి వరుసగా లేచాయి, మద్ది చిగురు సిద్ధంగా ఉంది. ఆ మాట విని యూసుఫ్ భాయ్ ఆ పూట అమ్మకం ఆపి, వచ్చినవాళ్లందరికీ ఊరికే షర్బత్ పోశాడు.

దసరా వెళ్లాక ఫోటోలు తీసుకుని నేనే గూడెం పోయాను. ఐదింటిలో రెండే పెద్దవి చేయించదగ్గవి, మొదటిదీ చివరిదీ. రెండూ ఒకే చోటు నుంచి తీసినవి. జనగామలో ఎవరికి చూపించినా రెండూ ఒకటే కదా అన్నారు. లచ్చవ్వ గడపలో కూర్చుని వెలుగుకు పట్టుకుని చూసింది. మొదటి దాంట్లో ధూళి వాలుగా సన్నటి గీతలు గీసింది, చివరి దాంట్లో వెలుగు చక్కగా, గీత లేకుండా ఉంది. ఒక్క చూపుకే పోల్చుకుంది.

"గిది మావోడు తప్పు చేసిన నాటిది. గిది సక్కగ చేసిన నాటిది," అంది. చివరిది నాకు తిరిగి ఇచ్చేసింది. "మంచిది నీ దుకాణంల పెట్టుకో. గిది నాకాడ ఉండనీ. నా కొడుకు తప్పు ఊరందరు ఎందుకు చూడాలె?"

క్యాలెండర్ తీసేసి దాని మేకుకే ఆ ఫోటో పెట్టాను. స్టూడియో మూసేదాకా అక్కడే ఉంది. "మంచు ఏది?" అని ఎంతమంది అడిగారో లెక్కలేదు. మొదటి దాని నెగటివ్ నా దగ్గరే ఉంది, నలభై ఏళ్లు దాటినా మళ్లీ ఒక్క ప్రతి కూడా వేయలేదు. లచ్చవ్వ పోయి చాలా కాలమైంది, యూసుఫ్ భాయ్ కూడా లేడు. మొన్న మల్లయ్యతో ఫోన్‌లో మాట్లాడుతూ ఇదంతా రాయనా అని అడిగితే, "రాయి సార్. అవ్వ ఫోటో ఇప్పటికి పెట్టెల భద్రంగ ఉన్నది. తప్పు నేనే చేసిన అని నేనే చెప్తున్న కదా," అన్నాడు. నేను చూడాలనుకున్న గుహను చూశాను, ఆ ఒక్క రోజుకు నా కోరిక నిండా తీరింది. కానీ ఆ గుహ తలుచుకుంటే నాకు గోడలూ దండలూ గుర్తుకు రావు, మొదటి బొమ్మకూ నాలుగో బొమ్మకూ మధ్య నేను నోరు మూసుకున్న ఆ కాసేపు గుర్తుకొస్తుంది. లచ్చవ్వకు ఆ మాట నేనెప్పుడూ చెప్పలేదు. ఇక్కడ చెప్పేశాను.

పోయేవాళ్లకు ఒక్క సూచన. ఫ్లాష్ ఇంట్లో పెట్టి, ఒక అద్దం, ఒక తెల్లపంచె తీసుకుపోండి, తలకు నూనె పెట్టుకోకండి.